అమ్మాయిని హోమ్ నుంచి ఎప్పుడు పంపుతారు అని అడిగారు కదా, ముందు ఎఫ్ఐఆర్ చదివించుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇదీ: మీ చిన్నాయన కూతురు, 24 ఏళ్లు, ఊరు కదిరి దగ్గర. ఇళ్లలో పని ఇప్పిస్తానని తెలిసినామె ఒకావిడ పుణె తీసుకెళ్లింది. ఎనిమిది నెలలకు అక్కడి పోలీసులు ఒక వ్యభిచార గృహం మీద రైడ్ చేసి అమ్మాయిని బయటికి తెచ్చి రక్షణ హోమ్‌లో పెట్టారు. మీరూ చిన్నాయనా ఆధార్ కార్డులు పట్టుకుని వెళ్తే గేటు దగ్గరే ఆపి, కోర్టు ఆర్డర్ తెమ్మన్నారు. ఎప్పుడు పంపుతారు, ప్రభుత్వం నుంచి డబ్బు ఏమైనా వస్తుందా, కేసు లేకుండా చేసుకోవచ్చా అని మూడు అడిగారు. చివర్లో 'అసలు ప్రభుత్వం ఏం చేస్తున్నట్టు?' అని కోపంగా ఒక మాట అన్నారు. దానికీ వస్తాను.

నేను స్త్రీ శిశు సంక్షేమ శాఖలో ఇరవై ఆరేళ్లు చేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్లు ఇలాంటి అమ్మాయిలుండే హోమ్‌లోనే సూపరింటెండెంట్‌ని. అంటే మిమ్మల్ని గేటు దగ్గర ఆపిన మనిషి ఉద్యోగమే నేనూ చేశాను. ఇప్పుడు న్యాయ సేవల సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా తిరుగుతున్నాను. మీలాంటి కుటుంబాలను చాలా చూశాను. అందరూ హోమ్ గేటు దగ్గర పోట్లాడతారు. ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్లు రాశారో చూసినవాళ్లు మాత్రం నాకు పదిమంది కూడా తగల్లేదు. మీ మూడు ప్రశ్నలకూ జవాబు తిరిగి తిరిగి ఆ కాగితం దగ్గరికే వస్తుంది.

ముందు గేటు సంగతి.

మిమ్మల్ని ఆపినందుకు కోపం వచ్చి ఉంటుంది. కానీ హోమ్‌కి 'బంధువులమ'ని వచ్చేవాళ్లలో బ్రోకర్లు ఎంతమంది ఉంటారో బయటివాళ్లకు తెలియదు. నేను పనిచేసిన చోటికి ఒకతను వచ్చాడు. మేనమామనన్నాడు. రేషన్ కార్డు జెరాక్స్, సర్పంచ్ సంతకం ఉన్న లెటర్, చేతిలో అరటిపళ్ల సంచి. అమ్మాయిని పిలిచి అడిగితే 'అవును, మా మామే' అంది. అంటూనే చున్నీ చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది. అతని వైపు ఒక్కసారి కూడా చూడలేదు. లోపలికి తీసుకెళ్లి టీ ఇచ్చి కూర్చోబెడితే అరగంటకు నోరు విప్పింది. ఆమెను అమ్మింది అతనే. 'అవును' అనకపోతే ఊళ్లో ఉన్న చెల్లెలి సంగతి చూస్తానన్నాడట. సర్పంచ్ లెటర్ నిజమైనదే, అది ఇంకో విచిత్రం.

అందుకే చట్టం అలా ఉంది. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం, ఆఫీసుల్లో ఇట్పా అంటారు, దాని 17వ సెక్షన్ ప్రకారం రైడ్‌లో బయటికి తెచ్చిన మనిషిని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఆమె వయసు, వచ్చిన తీరు, ఆమెను తీసుకెళ్తామంటున్న తల్లిదండ్రులో భర్తో అందుకు తగినవాళ్లా కాదా, ఇవన్నీ మేజిస్ట్రేట్ విచారణ చేయిస్తారు. ఆయనకు సలహా ఇవ్వడానికి ఐదుగురు పెద్దమనుషులను పిలవొచ్చు, కుదిరినంతవరకు వాళ్లలో ముగ్గురు ఆడవాళ్లు ఉండాలి. విచారణ జరిగేంతకాలం ఆమెను సురక్షితమైన చోట ఉంచొచ్చు గానీ మూడు వారాలు దాటకూడదు. విచారణయ్యాక ఇంకా రక్షణ అవసరమనుకుంటే ఏడాది నుంచి మూడేళ్ల దాకా హోమ్‌లో ఉంచమని ఆర్డర్ వేయొచ్చు. ఆ ఆర్డర్ మీద సెషన్స్ కోర్టుకు అప్పీలుకు వెళ్లొచ్చు.

మూడు వారాలన్నది పుస్తకంలో మాట. జరిగేది వేరు. పుణె కోర్టు మన జిల్లాకు లెటర్ రాసి, ఇంటి పరిస్థితి విచారించి నివేదిక పంపమంటుంది. ఆ లెటర్ మరాఠీలోనో ఇంగ్లిష్‌లోనో వస్తుంది, ఏదో ఒక టేబుల్ మీద పడి ఉంటుంది. కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది కదా, పాత అలవాటుగా అనంతపురానికి పోయిన లెటర్లూ ఉన్నాయి. కాబట్టి మీరు పుణె చుట్టూ తిరగడం ఆపి, పుట్టపర్తిలో స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఆఫీసుకు, మన వాడుకలో ఐసీడీఎస్ పీడీ (ప్రాజెక్ట్ డైరెక్టర్) ఆఫీసుకు, వెళ్లండి. ఫలానా కోర్టు నుంచి ఇంటి విచారణకు లెటర్ వచ్చిందా అని అడగండి. రాలేదంటే హోమ్‌కి ఫోన్ చేసి లెటర్ నంబరు, తేదీ తీసుకుని మళ్లీ వెళ్లండి. నంబరు చెప్పి అడిగేవాళ్లకు ఫైలు దొరుకుతుంది. సర్వీసంతా నేను చూసింది అదే.

విచారణకు వచ్చే ఆఫీసరు ఏం చూస్తారంటే: ఇంట్లో ఎవరెవరున్నారు, అప్పులెన్ని, ఆమె పడుకోవడానికి చోటుందా, తాగి కొట్టేవాళ్లున్నారా, ఆమెను తీసుకెళ్లిన మనిషి అదే వీధిలో తిరుగుతోందా. ఈ చివరిది దాచొద్దు. దాచితే ఆ సంగతి వేరే దారిలో తెలుస్తుంది, అప్పుడు నివేదిక 'పంపడం క్షేమం కాదు' అని వెళ్తుంది. ఇంకో మాట, జీపు ఇంటి ముందు ఆపొద్దని ముందే ఫోన్లో చెప్పండి. నేను వీధి చివర దిగి, ఓటరు కార్డు పనిమీద వచ్చానని చెప్పుకుంటూ నడిచి వెళ్లేదాన్ని. తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయిన కేసుల్లో సగం, విచారణకు వెళ్లిన బండి మీద రాసున్న శాఖ పేరు వల్లే తెలిశాయి.

అది లేటయ్యేలా ఉంటే ఇంకో దారి ఉంది. అమ్మాయిని ఏపీలోని హోమ్‌కి బదిలీ చేయమని అక్కడి కోర్టులో అడగొచ్చు. కనీసం మాట్లాడేవాళ్లుంటారు, మీరూ చూసి రావచ్చు. దీనికి లాయరు ఖర్చు పెట్టుకోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేస్తే పుణె జిల్లా సంస్థకు కలుపుతారు. 'మీ అమ్మాయిని విడిపిస్తా' అంటూ ఫోన్ చేసే లాయరును మాత్రం దగ్గరికి రానివ్వకండి. అతని ఫీజు ఎవరు ఇస్తున్నారో అడగండి. ఘర్‌వాలీలు, అంటే వ్యభిచార గృహాలు నడిపే ఆడవాళ్లు, తమ లాయరుతోనే అమ్మాయిలకూ పిటిషన్లు వేయించడం పాత పద్ధతి. రైడ్‌లో దొరికిన బాలికల విషయంలో ముంబై హైకోర్టు 2002లోనే, ఘర్‌వాలీ తరఫు లాయరు అదే కేసులో బాధితుల తరఫున నిలబడకూడదని చెప్పింది.

ఇక్కడ మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. ఆమెకు ఇంటికి రావాలని ఉందా?

ఆమె మేజర్. 2020లో ముంబై హైకోర్టు, హోమ్‌లో ఉంచిన ముగ్గురు మేజర్ అమ్మాయిలను వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా అక్కడ ఉంచడం కుదరదని విడిచిపెట్టమంది. 2022 మే నెలలో సుప్రీంకోర్టు కూడా, ఇష్టం లేకుండా హోమ్‌లలో ఉన్న మేజర్ మహిళలను సర్వే చేసి గడువు పెట్టి విడుదల చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి మేజిస్ట్రేట్ ముందు ఆమె నోటి మాటకు విలువ ఎక్కువ. ఆమె తెలుగులో చెప్పిన మాట మరాఠీలో ఎలా రాశారన్నది వేరే సంగతి, తెలుగు వచ్చిన మనిషిని పెట్టమని లాయరు ద్వారా అడగండి. నా దగ్గర ఒకమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ ఏడ్చాడు. ఆమె కిందికి దిగి రాలేదు. 'ఆయనకు డబ్బు పంపిన నెలల్లో ఎక్కడున్నానో అడగలేదు మేడమ్' అంది. రెండేళ్లు ఉండి కుట్టు నేర్చుకుని, అనంతపురంలో ఇద్దరు స్నేహితురాళ్లతో గది తీసుకుంది. మీ ఇంట్లో అలా ఉందని అనడం లేదు. కానీ ఆమెతో ఫోన్లో మాట్లాడే అవకాశం వస్తే 'ఎప్పుడొస్తావ్' అనే ముందు 'ఏం చేద్దామనుకుంటున్నావ్' అని అడగండి.

ఇక ఎఫ్ఐఆర్.

2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత), దాని 173వ సెక్షన్, ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకో బాధితులకో ఉచితంగా ఇవ్వాలంటుంది. ఇది చిన్న మార్పు కాదు. రైడ్ కేసుల్లో ఫిర్యాదుదారు ఎప్పుడూ పోలీసాయనే, ఇదివరకు కాపీ ఆయనకే పోయేది. ఇప్పుడు అమ్మాయి పేరుతో అడగొచ్చు. తెచ్చుకుని, మరాఠీ వచ్చినవాళ్లతో చదివించుకోండి. అందులో సెక్షన్లున్న వరుస చూడండి.

ఇట్పా 3, 4, 5 మాత్రమే ఉంటే, కేసు ఘర్‌వాలీ మీద, మేనేజర్ మీద, అంతే. ఇల్లు నడిపినందుకు, సంపాదన తిన్నందుకు, మనిషిని తెచ్చినందుకు. చాలా రైడ్‌లు అక్కడితో ముగుస్తాయి, ఎందుకంటే రైడ్ చేసిన స్టేషన్‌కు కదిరి దాకా వచ్చే ఓపిక, బడ్జెట్ రెండూ ఉండవు. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 143 ఉందా లేదా అన్నదే అసలు విషయం. మనుషుల అక్రమ రవాణా అంటే అదే, పాత ఐపీసీ 370. మోసంతోనో, బెదిరింపుతోనో, ఆశ పెట్టో మనిషిని చేర్చుకోవడం, తరలించడం, దాచడం, అప్పగించడం, అందుకోవడం, అన్నీ అందులోకి వస్తాయి. అంటే మీ ఊరి ఆవిడ దగ్గర్నుంచి పుణె ఇంటిదాకా గొలుసు మొత్తం. ఒక మేజర్‌ను రవాణా చేస్తే ఏడు నుంచి పదేళ్లు. ఒకరికంటే ఎక్కువమందిని చేస్తే పదేళ్ల నుంచి యావజ్జీవం. 'తనే ఇష్టపడి వెళ్లింది' అన్న వాదన చెల్లదు, బాధితురాలి సమ్మతితో పని లేదని సెక్షన్‌లోనే రాసి ఉంది.

143 లేకపోతే ఏం చేయాలి? అమ్మాయి మేజిస్ట్రేట్ ముందు బీఎన్ఎస్ఎస్ 183 కింద వాంగ్మూలం ఇవ్వొచ్చు. ఊళ్లో ఎవరు పిలిచారు, ఏం పని అన్నారు, బస్సో రైలో ఎక్కడ ఎక్కించారు, పుణెలో ఎవరి చేతికిచ్చారు, గది తాళం ఎవరి దగ్గర ఉండేది, డబ్బు ఎవరి చేతికి పోయేది. ఇవి వాంగ్మూలంలోకి వచ్చాక ఆ సెక్షన్ కలపమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. మీరు ఇటు కదిరి పోలీసులకు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మోసం మొదలైంది అక్కడే కదా. 'నేరం పుణెలో జరిగింది, మాకు సంబంధం లేదు' అంటే జీరో ఎఫ్ఐఆర్, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్, అడగండి. జిల్లాలో మానవ అక్రమ రవాణా నిరోధక విభాగం ఉంటుంది, ఏహెచ్‌టీయూ అంటారు, ఎస్పీ ఆఫీసులో అడిగితే చెప్తారు.

ఇప్పుడు 'కేసు లేకుండా' అన్న మాటకు వద్దాం. తమ్ముడూ, ఈ మాట నొచ్చుకోకుండా వినండి. ఇది మీ ఇంటి కేసు కాదు, ప్రభుత్వ కేసు. చిన్నాయన వెళ్లి వెనక్కి తీసుకుంటే పోదు. ఆయన వద్దంటున్నది పరువు కోసమే అయ్యుండొచ్చు. కానీ 'తెలిసినామె' అని ఒక్క మాటలో దాటేశారు చూడండి, నాకు అక్కడ అనుమానం వచ్చింది. ఈ కేసుల్లో తీసుకెళ్లేది కొత్త మనుషులు కాదు. దూరపు పిన్నమ్మో, పక్కింటి వదినో, ఒకప్పుడు తానూ అలాగే అమ్ముడుపోయి ఇప్పుడు మనుషుల్ని తీసుకెళ్లే స్థాయికి ఎదిగిన మనిషో. ఆ ఇంటివాళ్లు మీ ఇంటికి వచ్చి పెద్దమనుషులను కూర్చోబెట్టి 'ఏదో జరిగిపోయింది, ఇంత ఇస్తాం' అని ఉండొచ్చు. తీసుకుంటే రేపు కోర్టులో డిఫెన్స్ లాయరు మొదట అడిగేది ఆ డబ్బు గురించే.

కోర్టుకు పుణె వెళ్లి రావడమే భయమైతే, బీఎన్ఎస్ఎస్ 530 ప్రకారం సాక్ష్యం వీడియో ద్వారా ఇచ్చే వీలుంది. రాష్ట్రాల మధ్య రవాణా అయిన పిల్లల విషయంలో సుప్రీంకోర్టు 2022లో ఈ పద్ధతికి మార్గదర్శకాలు ఖాయం చేసింది, పెద్దవాళ్లయితే ఆ వీలు కావాలని లాయరు కోర్టును అడగాలి. అడిగితే కదిరి కోర్టులోనే కూర్చుని చెప్పొచ్చు. బెదిరింపులుంటే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం కింద అర్జీ ఉంది. అడక్కుండా ఇవేవీ జరగవు.

డబ్బు గురించి. ఇది ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒక కౌంటర్ దగ్గర అన్నీ ఇవ్వరు.

ఒకటి బాధితుల పరిహారం, బీఎన్ఎస్ఎస్ 396, ఇది జిల్లా న్యాయ సేవల సంస్థ ఇస్తుంది. నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) 2018లో తెచ్చిన పథకంలో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు అని ఉంది. రాష్ట్రాలు తమ తమ పద్ధతుల్లో అమలు చేస్తాయి కాబట్టి పుణె సంస్థను అడగాలి. నిందితుడు దొరక్కపోయినా, కేసు తేలకపోయినా అర్జీ పెట్టుకోవచ్చు, రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టమే చెప్తుంది. మధ్యంతర సాయం కూడా అడగొచ్చు. అయితే చూడండి, మళ్లీ ఆ సెక్షన్ల వరసే. ఎఫ్ఐఆర్‌లో ఇట్పా 3, 4, 5 తప్ప ఏమీ లేకపోతే, 'ఈమె ఏ నేరానికి బాధితురాలు?' అని ఫైలు వెనక్కి వస్తుంది. ఒకామె అర్జీ నా చేతుల మీదుగా రెండుసార్లు వెనక్కి వచ్చింది. రెండోసారి ఆమె ఆ కాగితాన్ని తన ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటూ 'మేడమ్, నేను నేరస్తురాలినని రాశారా?' అని అడిగింది. కాదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఛార్జిషీటు వేసేటప్పుడు సెక్షన్ కలిపించాక గానీ ఆ ఫైలు కదల్లేదు.

రెండోది ఎవరూ చెప్పనిది. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద కేంద్రం 2016లో సవరించిన పునరావాస పథకం ఉంది. అది ఇటుక బట్టీల వాళ్లకే అనుకుంటారు. పథకం చదివితే, వ్యభిచార గృహాల నుంచి, మసాజ్ పార్లర్ల నుంచి, ప్లేస్‌మెంట్ ఏజెన్సీల నుంచి బయటపడ్డ మహిళలకు 3 లక్షలని స్పష్టంగా ఉంది. అందులో కనీసం 2 లక్షలు నెలనెలా ఆదాయం వచ్చేలా ఆమె పేరున డిపాజిట్ చేయాలి. తుది మొత్తం కేసు తేలడాన్ని బట్టి వస్తుంది, కానీ తక్షణ సాయం 30 వేల దాకా, 2022కు ముందు 20 వేల దాకా ఉండేది, దానికి తీర్పుతో సంబంధం లేదు. షరతు ఒక్కటే, ఆమెను వెట్టిలో ఉంచారని తేల్చి అధికారి ఇచ్చే విడుదల పత్రం ఉండాలి. అది ఇచ్చేది కలెక్టరో, మన దగ్గర ఆర్డీఓ లాంటి అధికారో, పుణె వైపు ప్రాంత్ అధికారి అంటారు. 'నిన్ను కొన్న డబ్బు తీరేదాకా కదలడానికి లేదు' అని ఘర్‌వాలీ ఆమెతో అని ఉంటే, ఆ లెక్క రాసుకుని ఉంటే, అదే వెట్టి. ఈ మాట వాంగ్మూలంలో పడాలి. ఆమె ఇంకా పుణెలో ఉండగానే లాయరుతో ఈ అర్జీ పెట్టించండి. ఇంటికొచ్చాక పుణె అధికారి దగ్గర విడుదల పత్రం తెచ్చుకున్నవాళ్లను నేను చూడలేదు.

ఆ అప్పు గురించి కూడా ఒక మాట. ఎవరైనా ఇంటికి వచ్చి 'మీ పిల్ల మాకింత బాకీ' అంటే పైసా ఇవ్వొద్దు. వెట్టి అప్పు ఆ చట్టంతోనే రద్దయింది.

మూడోది మన రాష్ట్రానిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003 జనవరిలో అక్రమ రవాణా మీద ప్రత్యేక విధానం తెస్తూ జీవో 1 ఇచ్చింది. అందులో తక్షణ సాయం 10 వేలు, తర్వాత 20 వేలు చేశారు. పీడీ ఆఫీసుకు వెళ్లినప్పుడు జీవో పేరు చెప్పి అడగండి, ఎఫ్ఐఆర్ కాపీ, కోర్టు ఆర్డర్ పెట్టండి.

ఏ డబ్బయినా ఆమె సొంత ఖాతాలో పడాలి, పాస్‌బుక్, ఏటీఎం కార్డు, ఫోన్ నంబరు ఆమె దగ్గరే ఉండాలి. చిన్నాయన ఖాతా ఇవ్వొద్దు. ఆయన మంచివాడే కావచ్చు.

ఇప్పుడు మీ కోపం. ప్రభుత్వం ఏం చేస్తోంది?

చేయట్లేదనలేను. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పిల్లల కోసం ఏటా వెతుకులాట జరుగుతుంది. 2019లో ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) చట్టాన్ని సవరించి అక్రమ రవాణా కేసులు కూడా దానికిచ్చారు. బంగ్లాదేశ్ నుంచి హైదరాబాద్‌కు అమ్మాయిలను తెచ్చిన కేసు అది తీసుకున్న మొదటివాటిలో ఒకటి. ఉజ్జ్వల, స్వధార్ హోమ్‌లను కలిపి 2022 నుంచి శక్తి సదన్ అంటున్నారు. కష్టాల్లో ఉన్న మహిళలకు సాయం చేసే సఖి సెంటర్లు జిల్లాల్లో ఉన్నాయి, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. 2018లో యాదగిరిగుట్టలో రాచకొండ పోలీసులు చిన్నపిల్లలను బయటికి తెచ్చినప్పుడు రైడ్‌తో సరిపెట్టలేదు. ఇట్పా 18 కింద ఇళ్లకు తాళాలు వేయించారు, నిందితుల మీద పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టారు. ఇంటి అద్దె ఆగితే వ్యాపారం ఎలా కూలుతుందో అప్పుడు అందరూ చూశారు. ఆ ధాటి అన్నిచోట్లా లేదు, అధికారిని బట్టి ఉంటుంది, అదే నా ఫిర్యాదు.

2022లో దేశమంతా నమోదైన అక్రమ రవాణా కేసులు 2,250. అందులో తెలంగాణవే 391, దేశంలోకెల్లా ఎక్కువ. పేపర్లు దాన్ని తలవంపులుగా రాశాయి. నేను అలా చూడను. కేసు కడితేనే లెక్కలోకి వస్తుంది, సున్నాలున్న రాష్ట్రాలను చూస్తే నాకు ఎక్కువ టెన్షన్. పునరావాసాన్ని కూడా హక్కుగా చేర్చిన సమగ్ర బిల్లు 2018 జూలైలో లోక్‌సభలో పాసై, రాజ్యసభకు రాకుండానే 2019లో మురిగిపోయింది. 2021లో ఇంకో ముసాయిదా బయటపెట్టారు, అది పార్లమెంటు మెట్లెక్కలేదు. ఆ బిల్లుల్లో లోపాలూ ఉన్నాయి, అందరినీ హోమ్‌లో పెట్టి తాళం వేసే ధోరణి వాటిలో కనిపించింది. అందాకా మనకున్నది ఇట్పా నుంచి ఒక ముక్క, బీఎన్ఎస్ నుంచి ఒకటి, వెట్టి చట్టం నుంచి ఒకటి. ముక్కల్ని కలిపి కుట్టే పని మాత్రం బాధితురాలి మీద, మీ మీద పడింది.

ఆమె వచ్చాక ఏం చేయాలో కొంచెం చెప్తాను. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు ఆమె ఒప్పుకుంటేనే హెచ్‌ఐవీ పరీక్ష, ఫలితం ఆమెకే చెప్పాలి. 2017 చట్టం అలాగే అంటుంది, ఇంట్లో అందరూ ఆ కాగితం కోసం ఎగబడకండి. మొదటి నెలల్లో నిద్ర పట్టదు, చిన్నదానికి అరుస్తుంది, లేదా అసలు మాట్లాడదు. సఖి సెంటర్‌లో కౌన్సిలర్ ఉంటారు, సెంటర్‌కు వెళ్లాలంటే సిగ్గైతే 181కి ఫోన్ చేసి మాట్లాడొచ్చు. పెళ్లి సంబంధాలు వెంటనే మొదలుపెట్టకండి. నేను చూసిన పొరపాట్లలో అన్నిటికంటే మామూలుగా జరిగేది అదే, ఆరు నెలలు తిరక్కుండానే ఎవరో ఒకరికి ముడిపెట్టి చేతులు దులుపుకోవడం.

ఊళ్లో ఉండలేనంటే శక్తి సదన్‌లో ఉండే వీలుంది. సొంతంగా ఏదైనా చేస్తానంటే బయటపడ్డ మహిళలే కలిసి నడుపుకునే 'విముక్తి' అనే సంఘం ఏపీలో ఉంది. వాళ్లతో ఒకసారి మాట్లాడించండి. నేను గంట కూర్చుని చెప్పేది వాళ్లు పది నిమిషాల్లో చెప్పగలరు.

ఆర్డర్ వచ్చిందని హోమ్ నుంచి ఫోన్ వచ్చాక, పోలీసు ఎస్కార్ట్‌తో వాళ్లే ఇక్కడికి పంపుతారా, మిమ్మల్ని రమ్మంటారా అని అడగండి. మిమ్మల్నే రమ్మంటే ధర్మవరంలో ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా పుణెలో దిగొచ్చు. చిన్నాయన ఒక్కడే వెళ్లకుండా పిన్నమ్మను కూడా తీసుకెళ్లండి. ఆమెకు ఒక జత బట్టలు, దువ్వెన, కొబ్బరినూనె పట్టుకెళ్లండి, హోమ్ బట్టలతో ఏ అమ్మాయీ రైలెక్కడానికి ఇష్టపడదు. బయల్దేరే ముందు హోమ్‌లో కోర్టు ఆర్డర్, ఎఫ్ఐఆర్, వైద్య పరీక్ష, ఆమె సామాన్ల లిస్టు, అన్నిటి కాపీలూ అడిగి తీసుకుని ఆమె చేతికే ఇవ్వండి. కదిరి కోర్టులో గానీ పీడీ ఆఫీసులో గానీ ఎక్కడైనా ఆగిపోతే లెటర్ నంబరుతో ఇక్కడే కింద రాయండి, పేర్లు, ఊరు రాయకండి. నేను రోజూ సాయంత్రం చూస్తాను.